అనుమతి పుచ్చుకోని హెస్టరమ్మ

మా హెస్టరమ్మ గారికి ఒక్కటే పట్టింపు. కాలిబాట మీద కాలు పెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా ఆవిడ ఎవరినీ అనుమతి అడగదు. పోనీలే పాపం అని ఎవరైనా తమంతట తామే ఇస్తే పుచ్చుకోదు. ఇవ్వబోతున్నారని అనుమానం వస్తే చాలు, ఇవ్వనివ్వదు.

ఇందులో అంత విడ్డూరం ఏముందని మీరనవచ్చు. మా ఊరి సంగతి తెలియదు కాబట్టి అంటారు. యార్క్‌షైర్ కొండల్లో మా థార్న్‌బెక్ ఎలాంటి ఊరంటే, ఇక్కడ కాలు తొక్కించుకున్నవాడే తొక్కినవాడికి సారీ చెబుతాడు. బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్యూ చెప్పని మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గిన్నెలో సూప్ పట్టుకుని తలుపు తడతారు. అలాంటి ఊళ్ళో హెస్టర్ బారాక్లఫ్ అనే ఒక్క మనిషి గోధుమరంగు కోటు వేసుకుని, చేతికర్ర పుచ్చుకుని, పరాయివాళ్ళ పొలాల్లోంచి తన సొంత వరండాలో తిరిగినట్టు తిరిగేది.

అసలు విచిత్రం ఇంకోటుంది. ఊరికి ఈ మర్యాదలన్నీ నేర్పింది ఆవిడే. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా బళ్ళో చిన్నపిల్లల క్లాసుకి టీచరు. నేనూ ఆ క్లాసువాణ్ణే. పాలసీసా అందుకుని థాంక్యూ అనడం మర్చిపోతే, సీసా మళ్ళీ లాక్కుని, "క్లెమ్, గుమ్మం బయటికెళ్ళి మళ్ళీ మొదట్నించీ రా" అనేది. ఒక్కో రోజు నేను ఆ పాలు తాగేసరికి ఇంటిగంట కొట్టేవారు. అలాంటి మనిషి రిటైరైన ఏడాదే ఇలా తయారైతే ఊరు ఏమనుకుంటుంది? ఆవిడ దగ్గరున్న మర్యాదంతా మాకు పంచిపెట్టేసరికి తనకి మిగల్లేదనుకుంది.

నేను ఊరి పోస్ట్‌మాన్‌ని. ఉత్తరాల సంచీ తగిలించుకుని రోజూ ఆవిడకి వెనకో ముందో నడిచేవాణ్ణి. అందుకని ఈ భాగవతమంతా నా కళ్ళముందే జరిగింది.

మా చర్చి వెనకనుంచి మిల్లు దారి అని ఒక కాలిబాట బయల్దేరుతుంది. నాలుగు రాతిగోడలు ఎక్కి దిగి, ఎజ్రా సట్‌క్లిఫ్ పశువుల కొట్టం ముంగిట్లోంచి, మూడు గడ్డిపొలాలు దాటి, వాగు ఒడ్డునే పోయి పాత ఉన్నిమిల్లు ఇళ్ళ దగ్గర తేలుతుంది. మొత్తం మైలు దూరం. పొలం ఎజ్రాది. ఎజ్రా అంత మెత్తటి మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరు. ఎవరైనా తన పొలంలోంచి నడుస్తూ కనబడితే వాళ్ళకి ఎక్కడ ఇబ్బందిగా ఉంటుందోనని ముందే అనుమతి ఇచ్చేద్దామని నోరు తెరిచేవాడు.

"రండి టీచరమ్మా, మీరు ఈ దారిన నడవడానికి..."

"వాన పడేట్టుందోయ్ ఎజ్రా!" అని హెస్టరమ్మ అరిచేది. ఆ గొంతుకి కొట్టంలో కోళ్ళు అటక ఎక్కేవి.

ఎజ్రా ఆకాశంకేసి చూసేవాడు. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, ఎక్కడా మబ్బు తునక లేదు.

"ఎటుపక్క టీచరమ్మా?"

"వస్తుంది, చూస్తూ ఉండు."

ఆయన చూస్తూ ఉండగానే ఆవిడ ముంగిలి దాటేసేది. ఎజ్రా ఎంతైనా ఆవిడ మాట మీద గౌరవం ఉన్నవాడు. ఆ ఒక్క వేసవిలో ఎండుగడ్డి మీద పదకొండుసార్లు టార్పాలిన్ కప్పాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "టీచర్, ఆయన పాపం మంచిమాట చెప్పబోతుంటే అలా గదమాయిస్తారేమిటి?"

"మంచివాడు కాబట్టే నా భయం. అదే చెడ్డవాడైతే నాకీ గొంతునొప్పి ఉండేది కాదు" అంది. అంతకుమించి చెప్పలేదు. చిన్నప్పటి అలవాటు కొద్దీ నేనూ రెట్టించలేదు.

తానొక్కతే ఇలా ఉంటే ఊరు సర్దుకునేది. కానీ నెలనెలా మొదటి ఆదివారం ఊరందరినీ పోగేసి మిల్లు దారిన నడిపించేది. దానికి నడక సంఘం అని పేరు పెట్టి, నన్ను అడక్కుండానే కార్యదర్శిని చేసింది. ఇరవై, ముప్ఫైమందిమి వెళ్ళేవాళ్ళం. బయల్దేరే ముందు చర్చి గోడ దగ్గర నిలబెట్టి మాకు పాఠం చెప్పేది.

"దగ్గొచ్చు, తుమ్మొచ్చు, పాట పాడుకోవచ్చు. ప్లీజ్ అనకూడదు. థాంక్యూ అనకూడదు. సారీ అన్నవాళ్ళు అక్కణ్ణుంచే వెనక్కి."

"గొర్రె అడ్డొస్తేనో టీచర్?" అని ఎవరో అడిగారు.

"గొర్రెకి చెప్పుకోండి. గొర్రెది కాదుగా పొలం."

అయినా మామీద ఆవిడకి నమ్మకం లేదు. ఎజ్రా ముంగిలి పది గజాలుందనగా కోటు జేబులోంచి రేకుడబ్బా తీసేది. అందులో గోళీకాయంత లావు పుదీనా బిళ్ళలు. తలా ఒకటి నోట్లో వేసుకోవాలి. నలిపితే నలగవు, మింగితే ప్రాణం మీదికొస్తుంది. అలా బుగ్గలు ఉబ్బించుకుని వరసగా ఎజ్రా ముందునుంచి నడిచేవాళ్ళం. ఆయన "ఏమ్మా, బాగున్నారా?" అంటే "ఊఁ" అనేవాళ్ళం. అంతకంటే నోరు తిరిగేది కాదు.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు తెలివైనవారు. బిళ్ళ ఒక బుగ్గకి తోసేసి, రెండో బుగ్గతో "మేము ఇలా రావడం మీకు..." అని మొదలుపెట్టారు. హెస్టరమ్మ ఒక్క అంగలో వెనక్కొచ్చి ఆ రెండో బుగ్గలో రెండో బిళ్ళ పెట్టేసింది. ఆ సాయంత్రం చర్చిలో ప్రసంగం చాలా చిన్నదిగా సాగింది.

ఎజ్రా నాతో రహస్యంగా అన్నాడు. "ఒరే క్లెమ్మూ, మన ఊళ్ళో అందరికీ ఒకేసారి బుగ్గలు వాస్తున్నాయి రా. అదీ నెలకోసారి. పంటి డాక్టరుకి ఒక మాట చెప్పకూడదూ?"

ఆ బిళ్ళ పుచ్చుకోని మనిషి ఊళ్ళో ఒక్కరే ఒక్కరు, మేబెల్ ఫర్త్. మిల్లు మూసేదాకా మగ్గం మీద పనిచేసింది. మిల్లు ఇళ్ళలో చివరిది ఆవిడదే. రోజూ పొద్దున్న బుట్ట పట్టుకుని మిల్లు దారిన ఊళ్ళోకొచ్చి, రొట్టె కొనుక్కుని, అంగట్లో నాలుగు మాటలు మాట్లాడి, అదే దారిన వెళ్ళిపోయేది. ఎజ్రా "వెళ్ళిరా మేబెలూ" అంటే, "చాలా థాంక్స్ ఎజ్రా, నీ దయ" అనేది. ఒకసారి హెస్టరమ్మ ఆ 'థాంక్స్' సగంలో ఉండగా ఆవిడ నోట్లో బిళ్ళ కుక్కింది. మేబెల్ అక్కడే ఉమ్మేసి, "చదువు చెప్పిన మనిషివేనా నువ్వు?" అని అడిగింది. అప్పట్నుంచి ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు.

మేబెల్‌కి చూపు లేదు. అంటే, వెలుతురు తెలుస్తుంది, గోడ తెలుస్తుంది, మనిషి తెలియదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోయింది. ఆ సంగతి ఊరికి తెలియదని ఆవిడ నమ్మకం. మాకు తెలుసని ఆవిడకి తెలియనివ్వకూడదని మా పట్టుదల. వాచీ కేసి చూసి "పదకొండైందే" అని రెండున్నరకి అంటే, "అవును మేబెలూ, అప్పుడే పదకొండు" అనేవాళ్ళం. మిల్లు దారి మాత్రం ఆవిడ పాదాలకి తెలుసు. ఎన్ని అడుగులకి ఏ గోడ, ఏ మెట్టు వంకర, వాగు చప్పుడు ఎక్కడ దగ్గరవుతుంది, అన్నీ వచ్చు. ఆ దారి కాకపోతే ఊళ్ళోకి రావడానికి ఉన్నది రెండున్నర మైళ్ళ తారు రోడ్డు. దానికి పక్కన నడవడానికి చోటు లేదు. రాళ్ళగని లారీలు రోజంతా తిరుగుతాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న మేనకోడలు వృద్ధాశ్రమంలో చేరమని పోరుతుంటే, "ఆ దారి ఉన్నన్నాళ్ళు నాకేమిటే?" అనేది మేబెల్.

ఎజ్రాకి ఎనభై రెండు వచ్చాయి. మోకాళ్ళు మొరాయించాయి. పొలం అమ్మేసి చర్చి పక్కన చిన్న ఇంట్లోకి మారిపోయాడు. కొన్నాయన పేరు గైల్స్ ఫెన్విక్, లండన్ నుంచి నాలుగు గుర్రాలతో దిగాడు. చాలా మర్యాదస్తుడు. వచ్చిన నెలకే దారి మొదట్లో ఆకుపచ్చ బోర్డు, దానిమీద బంగారు రంగు అక్షరాలు పెట్టించాడు. "స్వాగతం. యజమాని దయతో ఇచ్చిన అనుమతి మేరకు ఈ దారిన నడవవచ్చు."

ఊరు పులకించిపోయింది. "ఎంత సంస్కారం!" అన్నారు పాస్టరు గారు. పెద్ద కార్డు కొని, నలభై ముగ్గురం సంతకాలు పెట్టి, థాంక్యూ అని రాసి పంపాం. తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. తిరిగొస్తుంటే బోర్డు ముందు హెస్టరమ్మ నిలబడి ఉంది. ఆవిడ మొహంలో రక్తం లేదు. చిన్నప్పట్నుంచీ ఆవిడంటే నేను భయపడ్డమే గానీ, ఆవిడ భయపడగా చూడ్డం నాకదే మొదలు.

"ఏమైంది టీచర్? మంచిమాటేగా రాశాడు."

"ఒరేయ్ క్లెమ్, దయతో ఇచ్చాడు రా. రేపు దయ అయిపోతే?"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఈ దేశంలో ఒక దారి జనానిది కావాలంటే, జనం ఇరవై ఏళ్ళపాటు పట్టపగలు, దౌర్జన్యం చేయకుండా, ఎవరి అనుమతీ లేకుండా దానిమీద నడిచి ఉండాలట. యజమాని "నడవండి" అని అనుమతి ఇచ్చాక ఆ నడక ఎన్నేళ్ళు నడిచినా లెక్కలోకి రాదట.

"అది మర్యాద కిందికి పోతుంది. హక్కు కిందికి రాదు" అంది.

నాకు నెమ్మదిగా వెలిగింది. "అయితే ఆ వాన..."

"అవును."

"ఆ బిళ్ళలు..."

"అవును రా."

"మాకు ముందే చెప్పి ఉండొచ్చుగా టీచర్?"

"చెబితే మీలో ఒకడైనా ఎజ్రా దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చేవాడు. నా చేతిలో పెరిగిన పిల్లలు, నాకు తెలీదూ?"

"పోనీ ఎజ్రాకే చెప్పొచ్చుగా, అనుమతి ఇవ్వొద్దని?"

"అడగమంటావా?" అని నాకేసి జాలిగా చూసింది. "అదీ అడగడమేగా!"

బోర్డు పెట్టిన రోజుకి ఆవిడ లెక్కలో ఇరవై ఒక్క ఏళ్ళు నిండాయట. మేం సంతకాలు పెట్టిన కార్డు ఆ తర్వాతది కాబట్టి బతికిపోయామంది. ఆ మాట అనడానికి ఆవిడ పళ్ళు బిగించాల్సి వచ్చింది.

భయపడ్డట్టే అయింది. శీతాకాలం వచ్చేసరికి గుర్రాలు బెదురుతున్నాయని ఫెన్విక్ గేటు పెట్టి తాళం వేశాడు. బోర్డు మీద కొత్త అక్షరాలు. "క్షమించాలి. అనుమతి రద్దయినది." ఊళ్ళో సగంమంది, "పాపం, క్షమించమని కూడా రాశాడు" అన్నారు.

మేబెల్ ఆ పొద్దున బుట్టతో వచ్చి గేటు దగ్గర ఆగింది. చేత్తో తడిమి తాళం పట్టుకుని చూసింది. "కొత్త గేటు బాగుందే" అంది గాలిలోకి, ఎవరైనా ఉన్నారేమోనని. నేను అవతలే ఉన్నాను. సంచీ చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడ్డాను. ఆ వారంలోనే రోడ్డు మీద లారీ ఆవిడ బుట్టని ఎగరేసుకుపోయింది. ఆవిడకి గీత కూడా పడలేదు గానీ, ఎవరు చెప్పారో మేనకోడలికి తెలిసిపోయింది. ఏడాది గడువిచ్చింది. ఈలోగా దారి తెరుచుకుంటే సరి, లేకపోతే బ్రాడ్‌ఫర్డే. ఆ ఏడాదంతా మేబెల్ రొట్టె, టీపొడి నా ఉత్తరాల సంచీలోనే వెళ్ళాయి. తలుపు తీసి అందుకుంటూ నవ్వేది. అంగట్లో చెప్పుకునే నాలుగు మాటలు మాత్రం నేను సంచీలో తీసుకెళ్ళలేకపోయాను.

హెస్టరమ్మ జిల్లా ఆఫీసుకి అర్జీ పెట్టింది. నడిచినవాళ్ళందరూ నింపడానికి వాళ్ళు ఫారాలు పంపారు. సంఘం కార్యదర్శిగా ఇంటింటికీ పంచి, నింపినవి పోగుచేసి, కట్టకట్టి, నేనే పోస్టులో వేశాను. ముప్ఫై రెండు ఫారాలు. చేతులు దులుపుకుని టీచరు గారింటికెళ్ళి గర్వంగా చెప్పాను.

"ఏడో ప్రశ్నకి అందరూ ఏం రాశారు?" అంది.

"ఏడో ప్రశ్న ఏమిటి టీచర్?"

"ఎప్పుడైనా యజమానిని అనుమతి అడిగారా, అని. నువ్వేం రాశావ్?"

"అదా! 'తప్పకుండా అడిగేవాణ్ణి' అని రాశాను."



"అడిగావా?"

"లేదు టీచర్. నోట్లో బిళ్ళ ఉండేదిగా."

"మరి?"

"ప్రభుత్వంవాళ్ళు చదువుతారు కదా టీచర్. అడగలేదంటే ఏం బాగుంటుంది?"

ఆవిడ అప్పటికప్పుడు కర్ర పుచ్చుకుని ఊళ్ళోకి బయల్దేరింది. ఇంటింటికీ అదే సమాధానం. పాస్టరు గారు "సహజంగానే" అని రాశారు. అంగడి ఆవిడ "ప్రతిసారీ, రెండుసార్లు" అని రాసింది. చర్చిలో గంట కొట్టే ముసలాయన "అడగడమే కాదు, కృతజ్ఞతగా క్రిస్మస్‌కి కేకు కూడా పంపాను" అని రాశాడు. ఆయన జన్మలో ఎవరికీ కేకు పంపలేదు. ముప్ఫై ఒక్కమందిమి, ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగనివాళ్ళం, అడిగామని సంతకం పెట్టి మరీ అబద్ధం రాశాం. ఆవిడ మా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. చర్చి గోడ మీద కూలబడి, "నేను నేర్పిందే" అంది, అంతే. ఆ మాటకి నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

విచారణ ఊరి హాల్లో జరిగింది. ప్రభుత్వం పంపిన అధికారి బల్ల వెనక కూర్చున్నాడు. సన్నటి మనిషి, పెన్ను తప్ప ఏదీ కదిలించడు. ఫెన్విక్ తరఫున లండన్ లాయరు ఒకతను, మా ఫారాల కట్ట ముందు పెట్టుకుని పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. మొదట నన్నే పిలిచారు.

"అనుమతి అడిగేవాణ్ణని మీరే రాశారా?"

"రాశానండీ."

"అంటే అడిగారు."

"లేదండీ."

"మరెందుకు రాశారు?"

"అడగలేదంటే బాగుండదనండీ."

"ఎవరికి బాగుండదు?"

"మీకేనండీ. చదివేవారికి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ నిజమేనన్నట్టు తలాడించారు. అధికారి పెన్ను ఆగింది.

"అబద్ధం రాయడం తప్పనిపించలేదా?" అన్నాడు లాయరు.

"అనిపించిందండీ. కానీ అమర్యాద ఇంకా పెద్ద తప్పని మా టీచరు చెప్పారు."

"ఎవరా టీచరు?"

ముప్ఫై ఒక్క తలలు ఒకేసారి హెస్టరమ్మ వైపు తిరిగాయి. ఆవిడ నేల చూపులు చూస్తోంది. తర్వాత వరసగా ముప్ఫైమందిని అడిగినా అదే జవాబు. అడిగామని రాశాం, అడగలేదు, సారీ. లాయరు చేతి రుమాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అయినా అతని దగ్గర ఇంకో ముక్క ఉంది. ఎనభై నాలుగేళ్ళ ఎజ్రాని పిలిపించాడు.

"సట్‌క్లిఫ్ గారూ, మీ పొలంలో నడిచేవారికి మీరు మనస్ఫూర్తిగా అనుమతి ఇచ్చేవారు కదూ?"

"ఇద్దామనే అండీ, రోజూ నోరు తెరిచేవాణ్ణి."

"ఇచ్చారు కదా?"

"ఇవ్వనిస్తేగా!" అన్నాడు ఎజ్రా. ఇన్నేళ్ళ బాధా ఆ మాటలో ఉంది.

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా వాక్యం పూర్తి చేయలేకపోయారా?"

"ఒకసారి 'నడవడానికి నాకేమీ' దాకా వచ్చానండీ. అంతలోకి వాన పడేట్టుందంది. ఆ రోజు నిజంగానే పడింది. గడ్డి తడిసిపోతుందని పరిగెత్తాను."

"మిగతావాళ్ళకో?"

"వాళ్ళందరికీ బుగ్గవాపులండీ. జబ్బుగా ఉన్నవాళ్ళని పలకరించి ఏం విసిగిస్తాం? పైగా అప్పుడూ ఆవిడ పక్కనే అరుస్తూ ఉండేది."  ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒక్క మేబెల్‌కి మాత్రం ఇచ్చానండీ. రోజూ ఇచ్చేవాణ్ణి. రోజూ థాంక్స్ చెప్పి పుచ్చుకునేది."

లాయరు కళ్ళు మళ్ళీ వెలిగాయి.  ఊళ్ళో అనుమతి పుచ్చుకుని నడిచిన మనిషి ఒక్కరే, ఆ దారి లేకపోతే బతకలేని మనిషీ ఆవిడే. మొదటి వరసలో కూర్చున్న మేబెల్ చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

"మిగిలినవారి సంగతేమిటో చూద్దాం" అని అధికారి కట్టలోంచి ముప్ఫై రెండో ఫారం తీశాడు. హెస్టరమ్మది. ఏడో ప్రశ్నకి "లేదు" అన్న ఒక్క మాట, పేజీ చిరిగేలా కింద గీత. "పదకొండో ప్రశ్న. మీరు ఈ దారిని ఎందుకోసం వాడేవారు? అందరూ వాహ్యాళికని, కుక్క కోసమని, గాలి కోసమని రాశారు. మీది కొంచెం వేరుగా ఉంది" అన్నాడు.

"అది పైకి చదవక్కర్లేదు" అంది హెస్టరమ్మ లేచి నిలబడి.

"ఇది బహిరంగ విచారణ అమ్మా. చదవాలి." ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "'మేబెల్ ఫర్త్‌కి చూపు పోతోందని కంటి డాక్టరు చెప్పిన మర్నాటినుంచి ఈ దారిన నడుస్తున్నాను. ఆమెకి అది శాశ్వతంగా ఉండాలి. ఈ సంగతి ఆమెకి చెప్పవద్దు.'"

 ఊరంతా ఇన్నేళ్ళుగా దాచిన రహస్యం ప్రభుత్వ అధికారి మైకులో చదివేశాడు.

మేబెల్ నెమ్మదిగా లేచింది. హెస్టరమ్మ ఉన్నవైపు కాక, కాస్త పక్కనున్న టీ పాత్ర వైపు తిరిగి, "హెస్టర్! నాకు చూపు పోతోందని నాకే చెప్పొద్దన్నావా?" అంది.

"నాకు తెలుసని నీకు తెలియకూడదని."

"నీకెలా తెలిసింది?"

"బయట బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను. ఆ డాక్టరుకి గొంతు పెద్దది."

"ఇన్నేళ్ళూ చూపున్నట్టు నటించడానికి ఎంత చచ్చానో తెలుసా నీకు?"

"చూశాను. బాగా చేశావు."

"మరి నా నోట్లో ఆ బిళ్ళ కుక్కావెందుకు?"

"నిన్ను కూడా సాక్షిని చేద్దామని. నీవల్ల కాలేదు" అంది హెస్టరమ్మ విసుగ్గా.

మేబెల్ ముందు నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. ఫెన్విక్ కూడా నవ్వి, వెంటనే తన లాయరుకి సారీ చెప్పాడు. నాకు మాత్రం కళ్ళు మసకేశాయి, సంచీ సర్దుకుంటున్నట్టు వంగిపోయాను. మేం మతి తప్పిందనుకున్న మనిషి, ఊళ్ళో ఉన్న మర్యాదస్తులందరి కంటే మర్యాదగా, ఇరవై రెండేళ్ళు నోరు విప్పకుండా ఒకరి గౌరవం కాపాడింది.

అయిదు నెలలకి కవరు వచ్చింది. దారి జనానిదే. మేబెల్‌కి ఇచ్చిన అనుమతి ఆవిడ ఒక్కదాని నడకకే, మిగతా జనం నడకకి అంటదట. ముప్ఫై ఒక్కమంది సాక్షులు "అసాధారణమైన మర్యాద కారణంగా తమకు తామే వ్యతిరేకంగా అబద్ధమాడారు, కనుక నమ్మదగినవారు" అని అధికారి రాశాడు. గేటు తీసి, చెక్క స్తంభం పాతి, దానిమీద "పబ్లిక్ ఫుట్‌పాత్" అని చెక్కారు. మేబెల్ వేళ్ళతో ఒక్కో అక్షరం తడిమి చదువుకుంది.

"కింద దయతో అని గానీ ఉందా క్లెమ్?"

"లేదు మేబెలూ. అంతే ఉంది."

ఆ పొద్దున ఆవిడ అంగట్లో నాలుగు మాటల బదులు రెండు గంటలు మాట్లాడింది. హెస్టరమ్మ ఎజ్రా ఇంటికి పళ్ళ కేకు పట్టుకెళ్ళి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చెప్పు" అంది. ఎజ్రా గొంతు సవరించుకుని, "టీచరమ్మా, మీరు ఆ దారిన నడవడానికి నాకేమీ అభ్యంతరం లేదు" అని మొదట్నించి చివరిదాకా అన్నాడు. ఆవిడ మొత్తం విని, "చాలా థాంక్స్ ఎజ్రా" అంది. ఎజ్రా నాకు ఆ సంగతి నెలరోజులు చెప్పాడు.

ఇక ఆవిడ విశ్రాంతి తీసుకుంటుందనుకున్నాం. పదిరోజులకే పొద్దున్నే మా తలుపు కొట్టింది. చేతిలో పాత పటం. మా ఇల్లు ఊరి పైభాగాన, నూట పన్నెండు రాతిమెట్ల మీద ఉంటుంది. గని వెనకనుంచి మెట్లు లేకుండా వాలుగా ఊళ్ళోకి దిగే జాడ ఒకటుంది. ఎవరి పొలమో, ఎప్పుడో ఆవులు తిరిగినది. దాని మీద వేలు పెట్టింది.

"ఇవాళ్టినుంచి ఇది మొదలెడదాం. రోజూ నడవాలి. నలుగురినీ పోగెయ్."

"ఇరవై ఏళ్ళు పడుతుంది కదా టీచర్! మీకు డెబ్బై ఎనిమిది" అన్నాను.

"నాకెందుకు రా ఆ దారి? అప్పటికి నీకు డెబ్బై రెండు వస్తాయి. ఈ మెట్లు ఎక్కగలవా? నెలరోజులుగా కుడిమోకాలు ఈడుస్తున్నావు."

 మోకాలి సంగతి నేను ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు.